నెర్రెలు తాగిన నీళ్లు

మొన్న వాన కురిసిన సాయంత్రం, మచిలీపట్నంలో మా అపార్ట్‌మెంటు వాళ్లు కొత్తగా తవ్వించిన ఇంకుడు గుంత నిండి, ఎంతసేపటికీ ఇంకకుండా పొర్లుతుంటే, ఒకప్పుడు నేలలో నీళ్లు ఇంకే లెక్కలు కట్టే ఆఫీసులో పనిచేశానని తెలిసినవాళ్లంతా నా మొహం చూశారు. నేనేం చెప్పగలను? ఆ లెక్క నాకు తొంభైల్లోనే తేలలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెదపారుపూడి దగ్గర మా మేనమామగారి ఊరికి వెళ్లాను. చుట్టుపక్కల వరిచేలన్నీ చేపల చెరువులైపోతున్న రోజులవి. మావయ్య చేను కూడా కౌలుకిస్తే చెరువు తవ్వుకుంటానని గుడివాడ నుంచి ఒకాయన తిరుగుతున్నాడు. ఏళ్ల తరబడి నాట్లు, కలుపులతో నడుం పడిపోయిన అత్తయ్య ఇచ్చేద్దామంటుంది, మావయ్య అవుననడు, కాదనడు. చివరికి మన నేల నీళ్లు నిలుపుతుందో లేదో కొలిచి చెప్పమని ఆ బరువు తెచ్చి నా నెత్తిన పెట్టారు.

కాలువలు కట్టేసిన వేసవి, చేను నెర్రెలు విచ్చి ఉంది. ఇంకే వేగం కొలిచే ఇనుప రింగులు ఒకదానిలో ఒకటి నేలలోకి దిగ్గొట్టి నీళ్లు పోస్తే, అత్తయ్య బిందె మీద బిందె అందిస్తున్నా నేల గుటగుటా మింగేసింది. చదువుకున్న సూత్రం ప్రకారం ఇంకే వేగం తగ్గుతూ తగ్గుతూ ఒకచోట కుదురుకోవాలి. అది కుదురుకోనే లేదు. మర్నాడు అదే చోట మళ్లీ పోస్తే, నల్లమట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుపోయి, కంచంలో పోసినట్టు నీళ్లు కదలవు. ఏది నిజమో నాకు తేలలేదు. రెండూ చెప్పాను.

"రెండేసి మాటలొద్దమ్మాయ్, తాగుద్దా లేదా?" అన్నాడు మావయ్య. నిన్న తాగింది, ఇవాళ తాగట్లేదన్నాను. నిన్న తాగిందిగా, చెరువు నిలవదు, అది చాలని ఆ గుడివాడ ఆయన్ని పంపించేశాడు. గట్టు అవతల అదే మట్టిలో చెరువులు నిండుగా ఉన్నాయే, ఆ గుడివాడ ఆయనకు కనపడలేదా అని నాకిప్పటికీ అయోమయమే. చేతికొచ్చిన చెరువు పోగొట్టావని అత్తయ్య నాతో పోట్లాడింది. ఆ తర్వాత ఏ వేసవిలో ఎవరు చేను అడగడానికి వచ్చినా, మావయ్య నెర్రెలో చెంబుడు నీళ్లు పోసి, చూశారా, మా అమ్మాయి లెక్క అనేవాడట.

మావయ్య పోయాక ఈ మధ్య వేసవిలో వెళ్లాను. కనుచూపు మేరా చెరువులే. నెర్రెలిచ్చిన నేలంటూ ఆ ఒక్క చెక్కే మిగిలింది. ఎవరో చేను అడగడానికి వస్తే, చెరువు కావాలని పోట్లాడిన అత్తయ్యే చెంబు పట్టుకుని ముందు నడిచింది. నెర్రెలో నీళ్లు పోసి, "ఈ నేల తాగేసుద్దండీ, మా అమ్మాయి కొలిచింది" అంది. నేను తలూపాను.

ఇప్పుడు ఆ లెక్కలు మిషన్లే కట్టేస్తున్నాయట, ఒక్క జవాబే ఇస్తాయట. మా రోజుల్లో రెండు వచ్చాయి. అందులో ఒకదాన్ని పట్టుకుని ఇద్దరు మనుషులు ఒక చేను నిలబెట్టుకున్నారు; అది సరైనదో కాదో నాకింకా తెలియదు.