గొంతు రాకముందే కట్టిన ఫ్లెక్సీ

నా గొంతు గురించి నేనే చెప్పుకుంటే గొప్పలంటారు. అననీ. మా వీధి చివరి మందిరంలో మైకు పాడైన ఆదివారాలు చాలా ఉన్నాయి, నా పాట ఆగిన ఆదివారం మాత్రం లేదు. పాస్టరుగారు "పాట ఎత్తమ్మా" అనగానే నేను లేచి ఎత్తితే, వడ్డాది వెళ్ళే షేర్ ఆటోలో కూర్చున్నవాళ్ళు కూడా తల బయటపెట్టి చూసేవాళ్ళు. మా పుట్టిల్లు రావికమతం దగ్గర. మా నాన్న మైకు లేని ఊళ్ళలో ప్రార్థన కూటాలు పెట్టేవాడు. నన్ను పక్కన నిలబెట్టి, "ఆ సివర కూకున్న ముసలమ్మకి ఇనబడాల, పాడు" అనేవాడు. అలా పెరిగిన గొంతు ఇది.

పాట ఎప్పుడూ పై స్థాయిలోనే ఎత్తేదాన్ని. ఆడవాళ్ళలో కొందరు అందుకునేవాళ్ళు. మగవాళ్ళు మీసాల కింద గొణుక్కునేవాళ్ళు. మా అత్తయితే పెదవి కూడా కదిపేది కాదు. చాప అంచున కూర్చుని చప్పట్లు కొట్టేది, అవి మాత్రం ఒక్కనాడూ తాళం తప్పలేదు. "నువ్వూ పాడొచ్చు కదా అత్తా" అంటే, "నీ పాట నువ్వు పాడుకోయే, నా సప్పట్లు నాను కొట్టుకుంటాను" అనేది. పాపం రాగం రాదేమో అనుకుని ఊరుకున్నాను.

మా అత్తది చోడవరం పక్కన చెరకు పండించే ఇల్లు. ఆ బంధువులంతా ఇప్పటికీ గుడికి వెళ్ళేవాళ్ళే. మా మావయ్య మంచాన పడినప్పుడు పాస్టరుగారి భార్య రోజూ వచ్చి ఆయనకి గంజి కాచి తాగించిందట. ఆయన పోయాక మా అత్త కొడుకు చెయ్యి పట్టుకుని మందిరం మెట్లెక్కింది. "ఆయమ్మ నమ్ముకున్న దేవుడెవుడో ఓసారి సూసొద్దామని ఎల్లేను, మరి తిరిగి రాబుద్ది కానేదు" అంటుంది. అప్పటిదాకా ఆవిడ అడ్డపొగ తాగేది. అంటే చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని తాగడం, మా వైపు పెద్దాడవాళ్ళ అలవాటు. బాప్తిస్మం తీసుకున్నాక చుట్ట మానేసింది. చుట్ట పోయింది గానీ దాని బొంగురు గొంతులో ఉండిపోయింది.

గోడ అవతల ఆవిడ తోటికోడలుంటుంది, నాకు పెద్దత్త. ఆవిడ కార్తీక దీపాలు ఆవిడవి, మా క్రిస్మస్ నక్షత్రం మాది. కూరలు మాత్రం గోడ మీంచి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి, తిట్లు కూడా.

ఇంతలో నా మెడలో గడ్డ లేచింది. మొదట కందిగింజంత, తర్వాత నిమ్మకాయంత. థైరాయిడ్ గడ్డ, తీసెయ్యాలన్నారు విశాఖలో డాక్టరుగారు. ఎక్కడినుంచో ప్రార్థనకి వచ్చిన ఒకావిడ నన్ను చూసి, "విశ్వాసం ఉంటే కత్తి ఎందుకమ్మా" అని మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోగా మా అత్తే అందుకుంది.

"ఆ డాక్టరుకి సేతులిచ్చినోడెవుడమ్మా? నువ్వు కూకుని ప్రార్థన సెయ్యి, మేం బస్సెక్కుతాం."

ఆపరేషన్ అయింది. గడ్డ మంచిదే, భయం లేదన్నారు. కానీ మత్తు దిగాక "మంచినీళ్ళు" అని అడగబోతే నోట్లోంచి గాలి వచ్చింది. ఉత్త గాలి! డాక్టరుగారు మంచం పక్కన కూర్చుని నిదానంగా చెప్పారు. గడ్డ గొంతు నరానికి అంటుకుని ఉందట. నరాన్ని తెగనివ్వలేదు గానీ అది అలిసిపోయిందట. "గొంతు రావచ్చమ్మా. నెలలు పట్టొచ్చు. పాత గొంతే వస్తుందని మాత్రం మాటివ్వలేను" అన్నారు.

పాట పోయిందన్న సంగతి ఇంటికొచ్చాక గానీ నాకు పూర్తిగా తెలియలేదు. ముందు తెలిసింది తిట్టు పోయిందని. పాలు పొంగిపోతున్నా అరవలేను. గ్యాస్ బండివాడు వీధి దాటిపోతున్నా పిలవలేను. మా ఆయన్ని పిలవాలంటే గరిటెతో పళ్ళెం మీద కొట్టాలి. కోళ్ళు సైతం నన్ను లెక్కచెయ్యడం మానేశాయి. "అబ్బ, ఇల్లు సల్లగా ఉందే" అని మా ఆయన ఒకరోజు ఎగతాళి చేశాడు. కోపంతో చేతిలో ఉన్న ఉల్లిపాయ విసిరాను. ఆ సాయంత్రమే పెరట్లోకి వెళ్తే, ఆయన గడ్డివాము వెనక నిలబడి ఫోను చెవికి ఆనించుకుని ఉన్నాడు. ఎవరితో మాట్లాడుతున్నాడా అనుకున్నాను. కిందటి క్రిస్మస్‌కి నేను పాడిన పాట వింటున్నాడు. నన్ను చూసి ఫోను జేబులో పెట్టుకుని, కళ్ళలో నలక పడిందన్నాడు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుపుకీ చప్పుడు లేదు.

డాక్టరుగారు ఒక సాధన చెప్పారు. గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి, మూలుగుతూ బుడగలు ఊదాలి. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఊదేదాన్ని. మా అత్త పక్కన చేరి నా గొంతు మీద అరచెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. చెరకు ఆకు కోసి కోసి మొద్దుబారిన చెయ్యి. నేను బుడగలు, ఆవిడ ప్రార్థన. పెద్దత్త గోడ మీంచి చూసి, "ఓలమ్మో, అత్తాకోడళ్ళు ఇద్దరూ సోడా కొట్టు ఎట్టేరేటి!" అని నవ్వేది. నెలలు గడిచాయి. గాలి గాలిగానే ఉంది.

అలా ఉండగా ఒక ఆదివారం సాక్ష్యాల వేళ మా అత్త లేచి నిలబడింది. మా మందిరంలో దేవుడు మేలు చేస్తే లేచి చెప్పడం ఆనవాయితీ. మేలు జరిగాక సొంత ఖర్చుతో కృతజ్ఞతా కూడిక పెట్టి, ఊరిని పిలిచి భోజనం పెట్టడం కూడా ఆనవాయితే. మేలు జరిగాక, అది గుర్తుపెట్టుకోండి.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నా కోడలికి గొంతు ఇచ్చినందుకు వచ్చే నెల్లో కృతజ్ఞత కూడిక పెడతన్నాం. అందరూ వచ్చి బోంచెయ్యాల" అని చెప్పి కూర్చుంది.

మందిరం మొత్తం నా వైపు తిరిగింది. పాస్టరుగారు కూడా ఆశగా చూశారు. నేను "లేదు, రాలేదు!" అని అరుద్దామంటే అరవడానికి గొంతేదీ? రెండు చేతులూ ఊపాను. స్తుతిస్తున్నాననుకుని వెనక వరస వాళ్ళంతా "హల్లెలూయ" అన్నారు.

ఇంటికొచ్చాక ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి బుసలు కొట్టాను. "గొంతు రాకముందే కూడికేంటత్తా? రాకపోతే ఏం చేస్తావు? నవ్వులపాలు కామా?"

మా అత్త వంకాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు. "సెరుకు మొలకెత్తిన్నాడే బెల్లం వండీవోడికి సెప్పుకుంటామా నేదా? తోట సేతికొచ్చినాక ఎల్తే వంతు దొరుకుద్దేటి? ఏడాదేడాదీ మట్టినీ వాననీ నమ్మి సెప్పుకుంటన్నాం. ఆ రెండూ సేసినోడిని నమ్మి సెప్పకూడదేటి?"

గరిటెతో పళ్ళెం మీద కొట్టి లోపలికి పోయాను.

అంతటితో ఆగితే ఆవిడ మా అత్త ఎందుకవుతుంది? మెయిన్ రోడ్డు మీద షాపుకి వెళ్ళి ఫ్లెక్సీ వేయించుకొచ్చింది. పైన పావురం, వెనక జలపాతం, మధ్యలో మైకు పట్టుకున్న నా ఫొటో, పక్కన చేతులు జోడించిన మా అత్త. కింద పెద్ద అక్షరాలు: పోయిన స్వరాన్ని తిరిగి ఇచ్చిన దేవునికి కృతజ్ఞతా కూడిక. చదువు రాని మనిషి, ఆ అక్షరాలు షాపువాడి చేత మళ్ళీ మళ్ళీ చదివించుకుందట. మా ఆయన నిచ్చెన వేసుకుని వీధి మొగలో కట్టాడు. ఇక చూడండి నా అవస్థ. పాలవాడు, కిరాణా కొట్టావిడ, దారిన పోయేవాళ్ళు, అందరూ ఒకటే మాట. "గొంతొచ్చీసిందటగా, ఏదీ, ఓ ముక్క పాడు!" నేను పెరట్లోకి పారిపోవడమే.

పెద్దత్త ఫ్లెక్సీ కింద నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆలు నేదు సూలు నేదు, కొడుకు పేరు సోమలింగం! ఒసే, ఇది కార్తీక మాసం. నీసు ఎట్టేవంటే మా వోల్లెవలూ ముట్టరు, ముందే సెప్తన్నాను."

"పప్పూ వంకాయే ఎడతాను. మాడుగుల హల్వా కూడా. మూసుకుని వచ్చి తినే" అంది మా అత్త.

ఆ రోజుల్లో నేను చేసిన ప్రార్థన వాక్యం తెలిసినవాళ్ళు చెయ్యరు. "ప్రభువా, నా పరువు సంగతి వదిలెయ్. ఆ ముసల్ది నిన్ను నమ్మి నీ పేరు వీధిలో కట్టించింది. ఆవిడని మాత్రం నలుగురిలో తలొంచుకోనివ్వకు. నేను చెప్పాల్సింది చెప్పాను, ఇక నీ ఇష్టం" అన్నాను. కోపంగానే అన్నాను. ఆయన నా మీద అలిగినట్టు మాత్రం లేడు.

కూడిక ఇంకో వారం ఉందనగా, పెరట్లో ఎండబెట్టిన వడియాల మీదికి మేక వచ్చింది. ఒళ్ళు మరిచి "హేయ్!" అన్నాను. మోటుగా, లావుగా, శబ్దం వచ్చింది! మేక ఆగింది. మా ఆయన లోపలినుంచి "ఎవులాయనా వచ్చింది?" అంటూ పరిగెత్తుకొచ్చాడు. ఆయన ముఖం చూసి నవ్వాను. ఆ నవ్వుకి కూడా చప్పుడుంది. మా అత్తకి ఏమీ ఆశ్చర్యం లేదు. "నాను సెప్పనేదేటి" అని కొట్టుకెళ్ళి హల్వా ఆర్డరు పెంచి వచ్చింది. కానీ నాకు తెలుసు, అది మేకని తోలే గొంతు. పాట ఎత్తబోతే సగంలో చీలిపోతోంది.

ఆ ఆదివారం వచ్చింది. మా వీధిలో షామియానా వేశారు. మందిరం వాళ్ళు చాపల మీద, అత్తవైపు బంధువులు కుర్చీల్లో. కూడికలో మొదటి పాట ఇంటివాళ్ళే ఎత్తాలి. పాస్టరుగారు మైకు నా చేతికిచ్చారు. నాకు అలవాటైన చోటే, పైన ఎత్తాను. రెండో మాటకే గొంతు పగిలి గాలైపోయింది. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ పగిలింది. కుర్చీల్లో ఎవరో దగ్గారు. మందిరం ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. నేను మా అత్త వైపు చూడలేకపోయాను.

అప్పుడు చాప అంచు నుంచి చప్పట్లు మొదలయ్యాయి. పాట లేని చోట ఒక్క మనిషి చప్పట్లు. తాళం తప్పకుండా, తొందర లేకుండా, పాట ఎలాగూ వస్తుందన్నట్టు కొడుతోంది.

నాకు పౌరుషం వచ్చింది. మైకు పక్కన పెట్టేశాను. మేకని తోలిన ఆ మోటు గొంతు ఎక్కడుందో అక్కడికే దిగి, అదే పాట కిందనుంచి ఎత్తాను. పగల్లేదు. ఒక చరణం దాటింది. మీసాల కింద గొణిగే మగవాళ్ళకి ఆ స్థాయి అందింది కాబోలు, ఒక్కొక్కరే నోళ్ళు తెరిచారు. మా ఆయన పాడాడు. ఆ చప్పట్ల వైపునుంచి ఇంకో గొంతు వచ్చింది. బొంగురుగా, నిండుగా, నేను ఎన్నడూ విననిది. తిరిగి చూస్తే మా అత్త. కళ్ళు మూసుకుని పాడుతోంది. ఒక్క మాట తడబడలేదు, ఒక్క చరణం మరిచిపోలేదు. నేను ఏళ్ళ తరబడి పాడినవన్నీ ఆవిడకి పొల్లుపోకుండా వచ్చు!

భోజనాల దగ్గర పెద్దత్త హల్వా నోట్లో వేసుకుని, "గొంతొచ్చింది గానీ మగ గొంతొచ్చిందేటే నీ కోడలికి!" అంది.

"మంచి గొంతే వచ్చింది, నువ్వు తిను" అంది మా అత్త.

బంతులు లేచాక ఆవిడ పక్కన కూర్చుని అడిగాను. "ఇన్ని పాటలు వచ్చు కదా, ఇన్నేళ్ళూ ఎందుకు పాడలేదత్తా?"

"నువ్వెత్తే కాడికి నా గొంతెక్కడొస్తాదే? లోపల్లోపలే పాడుకునీదాన్ని. ఇయ్యాల అందింది" అని ఆకులు తియ్యడానికి లేచింది.

ఆ పూట నా మనసు ఎంత నిండిందో చెప్పలేను. పోయిన గొంతు కోసం ఏడ్చినదాన్ని నేనే, వచ్చిన గొంతుకి పొంగిపోయినదాన్నీ నేనే. నమ్మకం గురించి ఎందరో ప్రసంగాలు చేస్తుంటే విన్నాను. మా అత్తలా దాన్ని నిచ్చెన వేసి వీధి మొగలో కట్టించినవాళ్ళని మాత్రం చూడలేదు. అలాంటి ఇంటికి కోడల్నని ఎక్కడైనా గర్వంగా చెప్పుకుంటాను. ఫ్లెక్సీ ఇప్పుడు గడ్డివాము మీద కప్పి ఉంది. పావురం వెలిసిపోయింది, అక్షరాలు ఉన్నాయి.

తర్వాత నా పై గొంతు కూడా మెల్లగా తిరిగొచ్చింది. డాక్టరుగారు విని మెచ్చుకున్నారు. పెరట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఎత్తి చూసుకుంటాను, పాతంత కాకపోయినా బాగానే వెళ్తుంది. మందిరంలో మాత్రం అంత పైన ఎత్తను. పాస్టరుగారు "పాట ఎత్తమ్మా" అనగానే ముందు చాప అంచు వైపు చూస్తాను. మా అత్త గొంతు సవరించుకుంటుంది. అప్పుడు ఎత్తుతాను.