మార్తమ్మ ఆంటీ కెనడా కథలు

ఇవాళ పొద్దున ఆఫీస్ లిఫ్ట్‌లో ఎవరో నీలగిరి తైలం రాసుకొచ్చారు. తలుపులు మూసుకోగానే ఆ ఘాటు ముక్కుకెక్కింది. పక్కవాళ్ళు మొహాలు చిట్లించారు. నేను మాత్రం దిగాల్సిన ఫ్లోర్ మర్చిపోయి పైదాకా వెళ్ళి, మళ్ళీ కిందికొచ్చాను. మార్తమ్మ ఆంటీ మోకాళ్ళకి ఆ తైలమే పట్టించేది. ఆ వాసన వెంట ఆవిడ గొంతొచ్చింది, ఆవిడ చెప్పిన కథలొచ్చాయి. పిలవకపోయినా షారోన్ మీద నా కుళ్ళు కూడా వచ్చింది. దాన్ని పక్కనబెట్టి ఆంటీ గురించి చెప్పడం నాకు చేతకాదు.

ఆంటీది బాపట్ల. కెనడాలోని విన్నిపెగ్‌లో నర్సుగా చేసి, రిటైరయ్యాక అమెరికాలో మా ఊరు అరోరాకి, కొడుకు దగ్గరికి వచ్చింది. సూట్‌కేసుల్లో చీరలకంటే పుస్తకాలే ఎక్కువ తెచ్చుకుందని కోడలు నవ్వేది. అన్నీ కెనడా వాళ్ళు రాసిన, లేని లోకాల కథలే. "అక్కడ చలి ఆర్నెల్లు తలుపు తియ్యనివ్వదమ్మా. కిటికీలోంచి చూస్తే తెల్లగా తప్ప ఏమీ ఉండదు. మరి లోకాలు కట్టుకోక ఏం చేస్తారు?" అనేది. అమెరికా కథల మీద ఆవిడకి చిన్నచూపు. "వీళ్ళ కథల్లో లోకం అంతమైతే ఒకడు తుపాకీ తీస్తాడు. వాళ్ళ కథల్లో పక్కింటావిడకి సూప్ పట్టుకెళ్తారు," అని తీర్పు చెప్పేది. నాకు తెలిసి అది పూర్తిగా నిజం కాదు. కానీ ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

మా తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక కింద హాల్లో అందరం కలిసి భోంచేస్తాం. ఆంటీ కథ చెప్పేది అక్కడే, పలావు ప్లేటు ఒళ్ళో పెట్టుకుని. ఒక్కో నవలని వారానికి కాస్త చొప్పున చెప్పేది. సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట ఆపి, "పెరుగెవరు తెచ్చారర్రా?" అనేది. "నా ప్రసంగానికి కునికినవాళ్ళు మీ కథకి కళ్ళు పత్తికాయల్లా విప్పుకుని కూర్చుంటున్నారమ్మా," అని పాస్టర్ గారు నిష్ఠూరమాడేవారు. ఇక ఆవిడ పెట్టిన షరతేమిటంటే, కథ ముందుకు సాగాలంటే మాలో ఎవరో ఒకరు కిందటి వారం ముక్కని అప్పజెప్పాలి. ఇలాంటివి నాకు కొట్టిన పిండి. ఆ పుస్తకాన్నే లైబ్రరీలో రిజర్వ్ చేసి తెచ్చుకుని, పేర్లతో సహా పొల్లుపోకుండా ఒప్పజెప్పేదాన్ని. ఆంటీ "ఊఁ, బాగుంది" అనేది. ఆ ఊఁ కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని.

అప్పుడు ఊడిపడింది షారోన్. వరంగల్ పిల్ల, నా ఈడుదే, ఉండేదీ మా అపార్ట్‌మెంట్లలోనే. పుస్తకం ముట్టుకునేది కాదు. ఆ వారం నడుస్తున్న కథలో, చలికాలం సరస్సు గడ్డకడితే ఊరివాళ్ళ మాటలు ఆ మంచులో ఇరుక్కుపోతాయి. ఎండలొచ్చాక ఒక్కొక్కటే కరిగి వినబడతాయి. నేను నోరు తెరిచేలోపే షారోన్ అందుకుంది.

"గా మాటల్ల ఒక తిట్టు గూడ ఉంటది ఆంటీ. తిట్టిన ముసలామె చలికాలంలనే సచ్చిపోతది. ఎండాకాలం అది కరిగి ఇనొస్తే, ఆమె మొగుడు దాని ఎంబడి ఉరుకుతడు, ఇంకొక్కసారి తిట్టవే అనుకుంట."

ఆంటీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆంటీ, పుస్తకంలో ఆ తిట్టూ లేదు, ఆ మొగుడూ లేడు," అన్నాను.

"పుస్తకంలో ఉన్నది ఎక్కడికి పోతుందమ్మా ఎస్తేరూ, ఉండనే ఉంటుంది. ఇది చెప్పకపోతే ఆ మొగుడెక్కడుండేవాడు?" అంటూ తన ప్లేట్లోని లెగ్ పీస్ తీసి షారోన్ ప్లేట్లో వేసింది. నాకు ఆవిడ ఎన్నడూ లెగ్ పీస్ వెయ్యలేదు. ఇది చిన్నపిల్లల ఏడుపని తెలుసు. తెలిసినా ఏడుపు ఏడుపే.

తర్వాత ఆంటీకి చూపు మసకబారింది. ఓ ఆదివారం నా చెయ్యి పట్టుకుని, "శనివారాలొచ్చి చదివిపెడతావా? నువ్వైతే ఒక్క ముక్క వదలవు," అంది. ఎగిరి గంతేశాను. ఇంటికొచ్చాక గానీ ఆ పొగడ్తలో ముల్లు గుచ్చుకోలేదు. ఒక్క ముక్క వదలనిదాన్ని, అంతేనా నేను?

అయినా ఆ శనివారాలే నన్ను మనిషిని చేశాయి. ఇంగ్లీషులో చూసుకుంటూ పైకి తెలుగులో చెప్పాలి. ఇంగ్లీష్ మీడియం చదువు నాది, తడబడేదాన్ని. "అలా బండలు మొయ్యకే! చలి నాకు తగలాలి, నీ మాటలు కాదు," అని కసిరేది ఆంటీ. పాటల్లో పాడుకునే తెలుగు, అమ్మతో పోట్లాడే తెలుగు నాకుండేవి. లేని లోకాన్ని కళ్ళకు కట్టే తెలుగు మాత్రం ఆ సోఫాలోనే వచ్చింది. ఇవాళ నేను నాలుగు వాక్యాలు రాస్తున్నానంటే ఆవిడ కసుర్ల వల్లే.

మేం చదివిన ఆఖరి నవలలో దక్షిణాన ఊళ్ళన్నీ ఎండకి మాడిపోతాయి. జనం పెద్ద సరస్సు దాటి ఉత్తరానికి పోతుంటారు. ఒకావిడ పడవ మీద అందర్నీ దాటిస్తుంటుంది. చివరికి తను దాటుతుందా లేదా? ఆ ఒక్క అధ్యాయం మిగిలుండగా ఆంటీకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆస్పత్రిలో పడింది. ఆఫీస్‌లో సెలవడిగి, పుస్తకం పట్టుకుని మధ్యాహ్నానికల్లా వెళ్ళాను. ఈ ముగింపు ఆవిడకి చదివి వినిపించాల్సింది నేను. అది నా హక్కనుకున్నాను.

తలుపు దగ్గరే షారోన్ గొంతు వినబడింది. "అందర్ని దాటిచ్చి, తనొక్కతె ఎనకకొచ్చి పొయ్యి ముట్టిస్తది ఆంటీ. ఎవరన్న మర్లొస్తే ఆకలైతది గదా అని." ఆక్సిజన్ గొట్టం వెనకాల ఆంటీ మొహం వెలిగిపోతోంది. నన్ను చూసి, "వచ్చావా ఎస్తేరూ! ఇది ముగింపు చెబుతోంది, విను. నీది తర్వాత చదువుదువుగాని," అంది.

ఆ తర్వాత అన్నది రాలేదు. ఆ వారంలోనే ఆంటీ వెళ్ళిపోయింది. సమాధి దగ్గర ఏడ్చాను. ఏడుస్తూ కూడా కుళ్ళుకున్నాను. ఆంటీ షారోన్ చెప్పిన ముగింపు విని పోయింది. నాది సంచిలోనే ఉండిపోయింది. ఆ అధ్యాయం ఇంతవరకూ నేను తెరవలేదు. ఆవిడ విననిది నాకెందుకు?

షారోన్ పెళ్ళి చేసుకుని శాన్ రామన్ వెళ్ళిపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే నస, "అసలు ముగింపు ఏందే? చెప్పరాదు!" మొదటిసారి కచ్చకొద్దీ "పడవ మునిగిపోతుంది, అందరూ చస్తారు" అన్నాను. ఆ తర్వాత అడిగినప్పుడల్లా ఒక కొత్తది కల్పించి, అదే పుస్తకంలో ఉందని చెబుతూ వచ్చాను.

మొన్న మళ్ళీ అడిగింది. "ఆవిడా దాటుతుంది," అన్నాను. "అవతలి గట్టున అందరూ నిలబడి ఉంటారు. ఇన్నాళ్ళూ ఒక్కరూ ఆవిడ పేరడగలేదని అప్పుడు గుర్తొస్తుంది. ఏమని పిలవాలో తెలియక ఎవరికి వాళ్ళు తమ అమ్మ పేరు పెట్టి కేకేస్తారు. ఆవిడ అన్నిటికీ పలుకుతుంది."

"గిది బుక్కుల లేదు గదా?" అంది షారోన్.

"లేదు," అన్నాను.

"ఛ! నాకెందుకు తట్టలేదే ఇది?"

ఆ గొంతులో కుళ్ళుంది. నాకు తెలియదా! ఇన్నేళ్ళూ మోసినదాన్ని.