మూడో పిలుపు

పోలరాజుని ఒక్కసారి పిలిస్తే పలకడు. రెండోసారికీ పలకడు. మూడోసారికి తలెత్తి, "ఏటండీ?" అంటాడు.

చెవుడు కాదు. చిన్నప్పుడు బర్మామైన్స్ బస్తీలో ఉన్న ఇంట్లో నాయనమ్మ సింహాచలమ్మ నేర్పిన పద్ధతి. మొదటి పిలుపు గాలిదో ధూళిదో కావచ్చు, మూడుసార్లు పిలిస్తేనే మనిషి అని ఆవిడ నమ్మకం. గాలికీ ధూళికీ అంత ఓపిక ఉండదట. పోలరాజుకి దయ్యాల మీద నమ్మకం లేదు. అలవాటు మాత్రం పోలేదు. భార్య పద్మకుమారి అన్నానికి రెండుసార్లు పిలిచి, తను తినేస్తుంది.

గోల్‌మురి బజారు వెనక గణపతిరావు వర్క్‌షాపులో అతని ఉద్యోగం. 1986లో అక్కడ చిన్న చిప్పుతో ఒక బోర్డు తయారుచేశాడు. రేకులు కోసే ప్రెస్సు పక్కన కూర్చుని, పడిన రేకులు లెక్కపెట్టడం దాని పని. ఎవరైనా ఎర్ర బటన్ నొక్కితే ఆ లెక్క వదిలేసి, ప్రెస్సు ఆపి, హూటర్ మోగించాలి. చేస్తున్న పనిలోంచి అలా లేపే పిలుపుని ఇంటరప్ట్ అంటారు.

చిక్కేమిటంటే, ఎవరూ నొక్కకుండానే హూటర్ మోగేది. పక్క షెడ్డులో వెల్డింగు మెరిసినప్పుడల్లా బటన్ తీగలో ఏదో చిటుక్కుమనేది. చిప్పు లేచి పరిగెత్తేది. పోలరాజు తీగ మార్చాడు, ఎర్తు వేశాడు. తగ్గింది గాని పోలేదు. సోమవారం ఆ బోర్డు కొనాలనుకుంటున్న కంపెనీ ఇంజనీరు సోమేశ్వరరావు చూడడానికి వస్తున్నాడు. ఆయన ముందు ఊరికే మోగిందా, బోర్డు పని అక్కడితో సరి. పోలరాజు మళ్లీ పాత మోటార్లకు తీగ చుట్టుకోవాలి. ఆ తీగ వాసన తలుచుకుంటేనే అతనికి అన్నం సయించడం లేదు.

శనివారం మధ్యాహ్నం హూటర్ మళ్లీ మోగింది. గణపతిరావు పిలిచాడు. పిలిచాడు. మూడోసారికి పోలరాజు వచ్చి, "ఏటండీ?" అన్నాడు.

"ఏటా? గొంతు సించుకుని పిలిస్తే నువ్వు పలకవు. నీ డబ్బా ఎవులూ పిలవకుండానే పలుకుతాది. ఇద్దర్నీ ఒక్క ఇంట్లో పెంచితే బాగున్ను."

పోలరాజు నవ్వబోయి ఆగాడు.

"దానికి ఇంట్లో పెద్దోలు లేరండి. అదే లోపం."

"ఎవులు లేరు?"

"నాయనమ్మ."

ఆ సాయంత్రం ప్రోగ్రాం మార్చాడు. పిలుపు రాగానే చిప్పు లేవాలి, కాని హూటర్ జోలికి పోకూడదు. బటన్ తీగ వైపు చూడాలి. కాస్త ఆగి మళ్లీ చూడాలి. ఇంకోసారి చూడాలి. మూడుసార్లూ నొక్కే ఉంటే మనిషి. లేదంటే ఏమీ ముట్టుకోకుండా, వదిలిన చోటే లెక్క అందుకోవాలి. ఇంతా చేసి రెప్పపాటు కూడా పట్టదు.

సోమవారం గణపతిరావు, పక్క షెడ్డు వెల్డరు ఆదిబాబుని టీకి పంపేయబోయాడు.

"ఉండనీండి. వెల్డింగు కాల్చమనండి," అన్నాడు పోలరాజు.

ఆదిబాబు సరదాగా కాల్చాడు. షెడ్డు గోడలు నీలంగా మెరిశాయి. ప్రెస్సు ఆగలేదు, రేకులు పడుతూనే ఉన్నాయి. హూటర్ నోరు మెదపలేదు.

"అసలిది మోగుతుందా?" అని సోమేశ్వరరావు అనుమానంగా ఎర్ర బటన్ నొక్కాడు. వేలు తీసేలోపే ప్రెస్సు ఆగింది. హూటర్ మోతకి ఆయనే ఉలిక్కిపడ్డాడు.

"బాగుంది. తీసుకుంటాం. చేసిందెవరు?"

"పోలరాజూ," అని గణపతిరావు మురిపెంగా పిలిచాడు.

పోలరాజు రేకుల లెక్క సరిచూసుకుంటున్నాడు. తల తిప్పలేదు.

"చెవుడా?" అన్నాడు సోమేశ్వరరావు మెల్లగా.

"కాదండి. ఇంకా రెండున్నాయి," అని గణపతిరావు గొంతు సవరించుకున్నాడు.