మూడుసార్లు కడిగిన డ్రమ్ము

మూడేళ్లుగా ఒక వాసనను మోస్తున్నాను. మాట గొప్పగా ఉంది కదా. నిజానికి నేను మోసింది డ్రమ్మును. వాసన దానితోపాటు ఉచితంగా వచ్చింది. ఇది ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

బొల్లారంలో ఒక మందుల కంపెనీలో హెల్పర్‌ని. మాది గుమ్మడిదల దగ్గర పల్లె. ఊరి వెనక రసాయనాల కంపెనీ వచ్చాక చుట్టూ బోర్లన్నీ పాడైనా, తాత తవ్వించిన మా బావి నీళ్లు మాత్రం తియ్యగా ఉండేవి. వాడకట్టంతా బిందెలతో అక్కడికే వచ్చేది. నాకు అదే నామోషీ. కంపెనీలో తోటివాళ్లు నల్లా తిప్పి స్నానం చేస్తుంటే, నేనింకా చేంతాడు లాగే మనిషిని. నీళ్లకు రుచేమిటి, నీళ్లే కదా అనుకునేవాణ్ణి.

మిద్దె మీద ట్యాంకులా పెడదామని తుక్కు దుకాణంలో కంపెనీలు అమ్మేసిన నీలం డ్రమ్ము ఒకటి కొన్నాను. మా దగ్గర ఇంటికొకటి ఉంటుంది. అంతకుముందు అందులో ఏముండేదో ఎవరూ అడగరు. మూత తీస్తే అడుగున జిగురు, కుళ్లిన గుడ్ల కంపు.

"బాయి కాడ కడగకురా. దూరం తీస్కపో," అన్నాడు బాపు.

"ఏమైతది బాపూ? నీ బాయికి జెర సెంటు కొట్టినట్టైతది."

"నవ్వకు బిడ్డా. తాగే నీళ్లురా గవి."

ఆయన సంగారెడ్డి బస్సెక్కగానే బావి గచ్చు మీదే కడిగాను. మూడుసార్లు. గచ్చుకు పగులుందని తెలుసు. ఆ మురికి అందులోంచి బావిలోకి జారుతుంటే చూశాను కూడా. నీళ్లు పల్లానికి పోయే పొలం గట్టు పది అడుగుల దూరం. అంతమాత్రం నడవలేకపోయానా? ఈ పనికి ఏదైనా పెద్ద కారణం దొరుకుతుందేమోనని చాలాకాలం వెతికాను. బద్ధకం తప్ప ఏమీ దొరకలేదు.

మూడో రోజు బొక్కెన కంపుతో పైకొచ్చింది. అందరూ ఊరి వెనకున్న ఆ కంపెనీని తిట్టారు. వాళ్లు పుణ్యాత్ములేమీ కారు, కానీ ఈ పాపం వాళ్లది కాదు. ఫిర్యాదు రాసింది ఎవరనుకున్నారు? నేనే. "కన్నతల్లిలాంటి మా బావి" అని కూడా రాశాను. చదివి వినిపిస్తుంటే బాపు కళ్లు తుడుచుకున్నాడు. చివరి వాక్యం చదవకుండానే కాగితం మడిచేశాను. అది దుఃఖమని నలుగురూ అనుకున్నారు. నాకు నా మీదే డోకు వచ్చింది, అంతే.

కాలుష్య మండలి ఆఫీసువాళ్లు వచ్చి ఒక సీసా నింపుకుని పోయారు. బాపు రెండుసార్లు బావి తోడించాడు. కంపు మళ్లీ ఊరింది. బిందెలతో వచ్చేవాళ్లు ఇప్పుడు క్యాన్లు కొంటున్నారు. మేమూ అంతే. మొదటి క్యాను తాగిన రోజే నాకు తెలిసింది, నీళ్లకు రుచి ఉంటుందని. జ్ఞానోదయం నాకు ఎప్పుడూ సరుకు అయిపోయాకే అవుతుంది. డ్రమ్ము మిద్దె మీదే ఉంది, ఖాళీగా. నింపడానికి నీళ్లేవి?

బాపు ఇప్పటికీ రోజూ పొద్దున ఒక బొక్కెన చేదుతాడు. దోసిట్లో పట్టి నా ముక్కు దగ్గర పెడతాడు.

"కంపెనీల చేస్తవ్ గద, నీ ముక్కుకు ఎరుక. తగ్గిందారా?"

"తగ్గింది బాపూ."

ఆ మాట పట్టుకుని ఇంకో రోజు ఆశపడతాడు. ఇదంతా ఆయనకు చెప్పాల్సింది పోయి మీకు రాస్తున్నానని నాకు తెలుసు. రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది. ఆ హాయి కూడా అసహ్యంగానే ఉంది.

తగ్గలేదు. కడిగింది నేనే.