బొండం కొట్టనన్న సత్తియ్య

పాలకొల్లు బస్టాండు బయట సత్తియ్య కొబ్బరి బొండాల బండి పెట్టి ఇరవై రెండేళ్ళు. కాయని వేలితో తట్టి లోపల నీళ్ళెన్నో, మీగడెంతో చెప్పేస్తాడు. కాయలు కొట్టినంత జోరుగానే కబుర్లూ కొడతాడు. జ్వరానికి బొండం, వడదెబ్బకి బొండం, మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నా బొండమే మందు అతని దృష్టిలో. ఆసుపత్రికి పట్టుకెళ్ళేవాళ్ళకైతే ఏరి మరీ లేతవి ఇచ్చేవాడు.

అలాంటి మనిషి భార్య పాపాయికి కిందటేడు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒంట్లో నీరు చేరిపోతోంది, రోజుకి లీటరు దాటకుండా తాగాలి అని చెప్పి, తినకూడని వాటి కాగితం ఒకటి చేతిలో పెట్టారు. అందులో అరటిపండు ఉంది, బత్తాయి రసం ఉంది. బొండం లేదు.

సత్తియ్య ఆ కాగితాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. సీసా మీద గీత గీసి మరీ నీళ్ళు కొలిచాడు. ఇంతలో ఎండలు ముదిరాయి. పాపాయి నాలుక పిడచకట్టుకుపోయి, ఆ గీత వంక చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. చూడలేకపోయాడు పాపం. నీళ్ళు తగ్గించమన్నారు గానీ బొండం మానమన్నారా? పొద్దున్న ఒక గ్లాసు నీళ్ళు తగ్గించి, ఆ వంతుకి లేత బొండం కొట్టిచ్చాడు. సాయంత్రం ఇంకోటి. ఎంత కొలిచినా లీటరు దాటలేదు.

"ప్రాణం లేచొచ్చినట్టుందయ్యా," అంది పాపాయి. నాలుగు రోజులు ఇద్దరూ ఎంతో సంతోషంగా ఉన్నారు.

ఐదో రోజు మంచం దిగబోతే ఆమె కాళ్ళు నిలవలేదు. ఆటోలో తీసుకెళ్తుంటే సత్తియ్య భుజం మీద తల వాల్చేసింది. పిలిస్తే పలకలేదు.

ఈసీజీ చూడగానే డాక్టరు అశ్విని మొహం మారిపోయింది. గబగబా ఇంజెక్షన్లు చేసి, డయాలసిస్ మొదలుపెట్టించి, అప్పుడు బయటికొచ్చింది. వెనకాలే నలుగురు మెడికల్ విద్యార్థులు.

"ఏం పెట్టారండి? అరటిపండేమైనా?"

"ముట్టనివ్వలేదండి. నీళ్ళు కూడా కొలిచే ఇచ్చాను. బొండమే, అదీ లేతది."

"బొండంలో పొటాషియం ఎక్కువండి. మనకైతే ఎక్కువైంది కిడ్నీలు బయటికి పంపేస్తాయి. ఆవిడకి రక్తంలోనే ఉండిపోయి, గుండె ఆగిపోయేదాకా వచ్చింది."

సత్తియ్య తన చేతుల వంక చూసుకున్నాడు. "నా చేత్తో నేనే ఇచ్చానండి."

"కాగితంలో రాయనిది మేమండి," అంది అశ్విని. విద్యార్థుల వైపు తిరిగింది. "ఈ ఊళ్ళో ఉంటూ బొండం సంగతి అడగలేదంటే, మనం రోగిని ఏం అడిగినట్టు?"

పాపాయి బతికింది. సత్తియ్య మళ్ళీ బండి పెట్టాడు గానీ కబుర్లు తగ్గిపోయాయి. ప్రతి బేరానికీ ఒకటే ప్రశ్న, ఎవరికండీ అని. నీకెందుకని విసుక్కునేవాళ్ళే ఎక్కువ.

మొన్న అచ్చిబాబు అనే రైతు మోటారుసైకిలు ఆపాడు. "మా అమ్మకయ్యా. డయాలసిస్ చేయించుకొచ్చి నీరసంగా ఉంది. మంచి లేతది కొట్టు."

సత్తియ్య కత్తి కింద పెట్టాడు. "నేను కొట్టనండి."

"నువ్వు కాకపోతే ఇంకో బండే లేదా ఏంటి," అంటూ అతను పక్కనున్న పల్లంరాజు బండి దగ్గరికెళ్ళి బొండం కొట్టించి సీసాలో పోయించుకున్నాడు.

సత్తియ్య తన బండి వదిలేసి వెళ్ళాడు. అచ్చిబాబు చేతిలోంచి ఆ సీసా లాక్కుని రోడ్డు మీద ఒంపేశాడు. అచ్చిబాబు చెయ్యెత్తాడు.

"మా ఆవిడకి నేనే ఇచ్చానండి," అన్నాడు సత్తియ్య. "మీ అమ్మగారికి మీరు ఇవ్వకండి."