పొగ పోయిన బొగ్గులు

దేవునికి స్తోత్రం. నాకు అర్థమైన వాటికీ, ఇంతవరకు అర్థం కాని వాటికీ ఆయన నామానికే మహిమ కలుగును గాక.

మేము మంచిర్యాలలో రైలు కట్ట పక్కన ఉండేవాళ్ళం. మా వాడలో కట్టెల కన్నా బొగ్గే సులువుగా దొరికేది. కుంపటిని వాకిట్లోనే ముట్టించి, నల్లటి పొగంతా పోయి బొగ్గులు ఎర్రబడ్డాకే ఇంట్లోకి తెచ్చేవాళ్ళు. పొగ పోతే కీడు పోయినట్టేనని అందరి నమ్మకం.

ఒక చలికాలం మా అక్క తొలి కాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. బాలింతకు చలిగాలి తగలకూడదని అవ్వ, అంటే మా అమ్మ, కిటికీ మూసి, తలుపు సందుల్లో గోనెగుడ్డలు కుక్కింది. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘస్థులు పిల్లను దీవించడానికి మా ఇంటికి వచ్చారు. అప్పటికే అవ్వ ఎర్రటి కుంపటిని అక్క మంచం కింద పెట్టింది.

"బిడ్డను మక్కకంకి లెక్క కాలుస్తున్నవా ఏంది అక్కా?" అంది పక్కింటామె.

"నీ కాన్పుకు ఎవ్వరు పెట్టలే, గందుకే నీ నడుము గట్లున్నది," అంది అవ్వ. లోపల అక్క నవ్వింది.

పిల్లను తేవడానికి అవ్వ వెళ్ళినప్పుడు, "అవ్వా, తల బాగ నొస్తుంది," అంది అక్క.

"నిద్ర లేక గట్లనే ఉంటది బిడ్డా. జర పండుకో. పిల్లను నేను సూసుకుంట."

అవ్వ తలుపు మూసి వచ్చింది. వసారాలో పాటలు పాడాం. మా సంఘ కాపరి అయ్యగారు పిల్లను చేతుల్లోకి తీసుకుని, తల్లీబిడ్డల ఆయుష్షు కోసం చాలాసేపు ప్రార్థించారు. నేను గట్టిగా ఆమేన్ అన్నాను.

పిల్ల పాలకు ఏడ్చింది. అవ్వ తలుపు తీసింది. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"లెవ్వు బిడ్డా, పిల్ల ఏడుస్తుంది."

అక్క లేవలేదు.

పొగ పోయినా బొగ్గుల నుంచి విషపు గాలి వస్తూనే ఉంటుందని, దానికి రంగూ వాసనా ఉండవని, మూసిన గదిలో అదే ప్రాణం తీసిందని డాక్టరు చెప్పాడు. బయట ఉండబట్టి పిల్ల దక్కింది.

"పొగ లేకుండె గదా అయ్యా," అని అవ్వ డాక్టరునే మళ్ళీ మళ్ళీ అడిగింది.

తర్వాత ఎన్నో ఇళ్ళలో దుఃఖితుల పక్కన కూర్చుని వాక్యం చదివాను. అవ్వకు ఏది చదవాలో మాత్రం నాకు తోచలేదు.

ఇది చదివే మీరు నాతో కలిసి తల వంచండి. ప్రేమతో తలుపులు మూసిన తల్లుల కోసం, తల్లిని ఎరుగని పిల్లల కోసం వేడుకుందాం. కుంపటి ఉన్న ప్రతి ఇంట్లో ఒక్క కిటికీ అయినా తెరిపించమని ప్రభువును అడుగుదాం.