ఒక కన్ను మూసుకుని పాడిన పాట

కడప పక్కన మా చర్చి సంఘంలో ఆదివారం సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు చేసిన మేలును లేచి నిలబడి అందరికీ చెప్పాలి. మెడలో గడ్డలుగా మొదలైన లింఫోమా క్యాన్సరు మందులకు కరిగిపోయాక మా చిన్నపాప కూడా చెప్పింది. సండే స్కూలు చెప్పేది నేనే కాబట్టి మాటలూ నేనే నేర్పాను. "దేవుడు నన్ను బాగుచేశాడు. ఇక ఈ జబ్బు నాకు మళ్లీ రాదు." రెండో మాట కర్నూలులో వైద్యం చేసిన డాక్టరమ్మ అన్నది కాదు. ఇంకా కనిపెట్టి ఉండాలనే ఆమె అన్నది. వినడానికి బాగుంటుందని నేనే చేర్చాను. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటుంటే నా ఛాతీ పొంగింది.

కొన్ని వారాలకు పాప ఒక కన్ను మూసుకుని పాటల పుస్తకం చూడసాగింది. వెనక కూర్చున్న ముసలామె నవ్వింది.

"ఏమప్పా, మీ పాప దేవునికే కన్ను కొడతాండాదే!"

నాకు తల కొట్టేసినట్లయింది. బయటికి రాగానే పాపను కసిరాను. "ఆరాధనలో ఆటలేంది?"

పై ఆదివారం రెండు కళ్లూ తెరుచుకునే నిలబడింది. పాడలేదు.

ఒకరోజు పొద్దున్నే పెరట్లో చాటుగా వాంతి చేసుకుంటుంటే వాళ్లమ్మ చూసింది. కర్నూలు తీసుకుపోయాం. వెన్నులోంచి నీళ్లు తీసి పరీక్ష చేశారు. జబ్బు మెదడు దాకా పాకిందన్నారు.

"అక్షరాలు రెండ్రెండుగా కనపడి ఒక కన్ను మూసుకునేది ఎప్పటి నుంచమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"శానా దినాల నుంచి."

"నాయనకు చెప్పలేదా?"

పాప నా వైపు చూసింది. "మళ్లీ రాదని సంఘంలో చెప్పినా కదా. వచ్చిందంటే దేవునిది అబద్ధమైపోతాది."

డాక్టరమ్మ కేసు కాగితం మీద రాసుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

వెన్నులోకి సూదిమందు మొదలుపెట్టారు. ఆదివారం నేనొక్కడినే వెళ్లి, సాక్ష్యాల సమయంలో లేచాను. "పాప చెప్పిన రెండో మాట దేవునిది కాదు, నాది. జబ్బు మళ్లీ వచ్చింది. ప్రార్థన చేయండి." ఎప్పుడూ వినపడే స్తోత్రం ఎవరి నోటా రాలేదు. దేవుడు బాగుచేయగలడని ఇప్పటికీ నమ్ముతాను. ఆయన తరఫున మాట ఇవ్వడానికి నేనెవరిని?

సాయంత్రానికి ఆస్పత్రికి తిరిగొచ్చి పాపకు చెప్పాను.

"తిట్నారా నాయనా?"

"లేదమ్మా."

 నేనేమీ అడక్కుండానే పాప అంది. "ఇప్పుడు గూడా నువ్వు ఇద్దరు కనపడతాండావు."

నర్సును పిలవడానికి లేచాను.